జాంబేజీ యొడ్డున ఒక భూగోళ పాఠము

మేము లివింగ్‌స్టను పట్టణమునకు కాపురము వచ్చి మూడవ యేడు నడచుచున్నది. ఇది ఆఫ్రికా ఖండమున జాంబియా దేశమునకు దక్షిణపు కొసనున్న యూరు. మావారు ఇచ్చటి యొక ఉన్నత పాఠశాలలో భూగోళము బోధించుచున్నారు. ఊరికి సుమారు పది కిలోమీటర్ల దూరమున జాంబేజీ నది 1,708 మీటర్ల వెడల్పున, నూరు మీటర్లకు మించిన లోతునకు, ఒక్కుమ్మడిగా దుముకును. మార్చి, ఏప్రిలు నెలలలో నది నిండుగా నున్నపుడు ఆ తుంపురులు మబ్బువలె లేచి మా పెరటిలోనికి గూడ కనబడును. తడిబట్టలు ఆరవేయుచు తలయెత్తి చూచినపుడెల్ల నాకు ఎచ్చటనో యజ్ఞము జరుగుచున్నట్లే తోచును. ఇచ్చటివారు దానిని 'మోసి-ఓవా-తున్యా' యందురు. ఉరుముచుండు పొగ యని యర్థము. 1855 నవంబరు 16వ తేదీని డేవిడ్ లివింగ్‌స్టను అను స్కాట్లండు దేశీయుడు దానిని చూచి తన రాణిగారి పేరు పెట్టెను. పేరున్న బిడ్డకు మరల బారసాల చేసినట్లయ్యెను.

జలపాతమును వర్ణించినవారు పెక్కుమంది కలరు. నేను వ్రాయబూనినది దానిని గూర్చి కాదు. అదే నదిమీద కంటికి కానరాక పారుచున్న మరికొన్ని గీతలను గూర్చి.

పోయిన సంవత్సరము పై తరగతి పిల్లలకు ఆఫ్రికా సరిహద్దుల పాఠము వచ్చినది. 1884 నవంబరు 15వ తేదీ మొదలు 1885 ఫిబ్రవరి 26వ తేదీ వరకు బెర్లిను నగరమున బిస్మార్కు మందిరములో పదునాలుగు దేశముల ప్రతినిధులు కూడిరి. అందొక్కడును ఆఫ్రికావాడు లేడు. ఆ సభలో ఖండమును గుమ్మడికాయవలె కోసి పంచుకొనిరని చాలమంది తలంచుచుందురు. పిల్లల పుస్తకములోను ఇంచుమించు అట్లే యున్నది. మావారు దానికి సమ్మతింపరు. ఆ సభలో తేలినవి కాంగో, నైగరు నదులలో ఓడల రాకపోకల సంగతియు, సముద్రతీరమున క్రొత్తగా నేల నాక్రమించువాడు తక్కిన రాజ్యములకు ముందుగా తెలియజేయవలెనను నియమమును, మరికొన్నియును మాత్రమే. నేడు పటములో కనబడు గీతలలో పెక్కు ఆ తరువాతి ముప్పదియేండ్లలో రెండేసి రాజ్యములు కూర్చుండి వ్రాసికొన్న ఒడంబడికలవలన పుట్టినవి. ఈ సంగతినే ఆయన తరగతిలో రెండు దినములు చెప్పిరి.

మూడవనాడు వెనుకబల్ల పిల్లవాడొకడు లేచి, "సార్, మీరు ఇండియానుండి వచ్చి మా నేలను ఎవరెట్లు పంచుకొనిరో మాకు చెప్పుచున్నారు. మా తాతగారి యూరు ఆ గీతకు ఆవలనున్నది. ఆయనకు ఈ సంగతి యేదియు తెలియదు. మీకెట్లు తెలిసినది?" అని యడిగెనట. ఆ పిల్లవాని మాటలో పెంకెతనము లేదట, నిజముగా తెలిసికొనవలెనని యడిగినాడట. ఆ రాత్రి మావారు మజ్జిగన్నము సగము విడిచి లేచిరి.

"పుస్తకములో చదివితినని చెప్పుటకు సిగ్గు కలిగినది" అనిరి.

"అట్లయిన పుస్తకము కట్టిపెట్టి, నదియొడ్డునకు తీసికొనిపొండు. తాతగారి యూరు కనబడును గదా" అంటిని. నేను బడికి పోయి చదివినదానను కాను. మా నాయనగారు వీధియరుగుమీద కూర్చుండబెట్టి చెప్పిన భారత భాగవతములే నా చదువు. అరణ్యమును గూర్చి చదువుటకంటె అరణ్యమునకు పోవుట మేలని పాండవుల కథలోనుండియే నేర్చుకొంటిని.

పెద్దలు అనుమతించిరి. ఇరువదిముగ్గురు పిల్లలు, లోజీ భాష మాట్లాడు ఒక ఉపాధ్యాయిని, మావారు, నేను, బాడుగకు తెచ్చిన యొక పాత బస్సు. నేను రెండు పెద్ద గిన్నెలలో నిమ్మకాయ పులిహోర కలిపి తెచ్చితిని. పిల్లలు దానిని ఇష్టముగానే తిని, తిన్న తరువాత, మాంసమెక్కడ యని మర్యాదగా నడిగిరి.

గంటకు పైగా పోయిన పిమ్మట కజుంగుల యను చోటు వచ్చినది. ఇచ్చట చోబే నది వచ్చి జాంబేజీలో కలియును. జాంబియా, బోట్స్వానా, నమీబియా, జింబాబ్వే యను నాలుగు దేశములును ఈ నీటిలోనే యొకదానినొకటి తాకీ తాకనట్లు నిలిచియున్నవి. జాంబియాకును బోట్స్వానాకును నడుమ నున్న యెల్ల సుమారు నూటయేబది మీటర్లు మాత్రమే. మా కోనసీమలో ఒక్కొక్క కొబ్బరితోట అంతకంటె పొడవుగా నుండును. ఈ నూటయేబది మీటర్లకే యెంత తగవు వచ్చినదో! 1970లో దక్షిణాఫ్రికా తెల్లదొరల ప్రభుత్వము, నాలుగు దేశములును ఒక్క చుక్కయందే కలియుచున్నవి గనుక బోట్స్వానాకు జాంబియాతో సరిహద్దే లేదనియు, ఇచ్చట నడచు పంటు న్యాయవిరుద్ధమనియు కబురు పంపినది. బోట్స్వానా ఒప్పుకొనలేదు. పంటు నడచుచునే యుండెను. 1979లో రొడీషియా సైనికులు దానిని ముంచివేసిరి. మరల మరియొకటి వచ్చెను. అటుపిమ్మట గూడ బరువుబండ్లు రోజుల తరబడి ఈ యొడ్డున వరుసగా నిలిచి తమ వంతుకు కనిపెట్టుకొని యుండెడివట.

ఇప్పుడు వంతెన వచ్చినది. 2021 మే 10వ తేదీని తెరచిరి. పొడవు 923 మీటర్లు. రైలుపట్టాకు గూడ చోటు విడిచిరి. ఆ వంతెన తిన్నగా లేదు, కొడవలివలె వంగియున్నది. "ఎందులకు వంగినది? చెప్పినవారికి మార్కులు" అని మావారు అడుగగా, నది లోతని యొకడును, అందమునకని యొకతెయు, కట్టినవారికి లెక్క తప్పినదని మరియొకడును చెప్పిరి. తిన్నగా కట్టినచో జింబాబ్వే నీటిమీదికి పోవును! కంటికి కనబడని గీతకు జంకి ఇనుమును సిమెంటును వంగిపోయినవి. పిల్లలు ఆ వంపును తమ పుస్తకములలో పలుమార్లు గీసికొనిరి. ఈ యొక్క దృశ్యము రెండు దినముల బోధకు సరిపోయినదని మావారు నా చెవిలో ననిరి.

అచ్చటినుండి సెషేకే నూరు కిలోమీటర్లకు పైగానే యుండును. మేము పోయిన నాటి దారి గుంతలమయము. బస్సు గుంతలో పడినపుడెల్ల పిల్లలు కేరింతలు కొట్టిరి, నేను భగవన్నామము స్మరించితిని. ఎడమవైపున చెట్ల సందుల నది మెరయుచుండెను. ఆ నదికి ఆవలనున్నది నమీబియాకు చెందిన సన్నని భూభాగము. పటము చూచిన సోదరీమణులకు జ్ఞాపకముండవచ్చును: నమీబియా చదరముగా నుండి, ఈశాన్య మూలనుండి మాత్రము ఒక వ్రేలు చాచినట్లు తూర్పునకు సాగి వచ్చును. సుమారు 450 కిలోమీటర్ల పొడవైన వ్రేలు. అది యెట్లు వచ్చినదో మావారు ఆ బస్సు కుదుపులలోనే చెప్పిరి.

1890 జూలై 1వ తేదీని బ్రిటీషువారును జర్మనులును బెర్లినులో ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. ఉత్తర సముద్రములోని హెలిగోలాండు అను చిన్నదీవి జర్మనులకు, జాంజిబారుపై పెత్తనము బ్రిటీషువారికి. ఆ బేరములోనే, తమ నైరృతి ఆఫ్రికా వలసనుండి జాంబేజీ నదికి దారి కావలెనని జర్మనులు కోరిరి. ఎచ్చటను ఇరువది ఇంగ్లీషు మైళ్లకు తక్కువ వెడల్పు లేని యొక పేలికవంటి నేల వారికి ఇచ్చునట్లు వ్రాసిరి. అప్పటి జర్మను ప్రధాని కాప్రివిగారి పేరే దానికి పెట్టిరి. నది దొరకిన యెడల ఓడమీద హిందూమహాసముద్రము చేరవచ్చునని వారి యూహ. నడుమ ఆ జలపాతమున్నదని, దాని దిగువ మొజాంబికులో కహోరా బస్సా యను భయంకరమైన దుముకుళ్లున్నవని విన్నచో ఆ యూహ యేమగును? పిల్లలు పడిపడి నవ్విరి. ప్రతిదినము ఆ పొగ చూచుచు పెరిగినవారు గదా! వామనుడు బలి యొద్ద మూడడుగుల నేల యడిగెను గాని ఆయన తన పాదము మోపి కొలిచెను. ఈ దొరలు పాదము మోపకయే కొలిచిరి. జర్మను అధికారి వచ్చి అచ్చట కచేరి పెట్టుటకు 1909 వరకు పట్టినది. అయిదేండ్లకే, 1914లో యుద్ధము రాగా, దానిని బ్రిటీషువారికి విడిచిరి. తరువాత దక్షిణాఫ్రికా యేలుబడి. 1990 మార్చి 21వ తేదీని నమీబియా స్వతంత్రమైనది. 2013లో కాప్రివి పేరు తీసివేసి దానికి జాంబేజీ మండలమని పేరిడిరి.

మరియొక సంగతి విని పిల్లలు నవ్వు మానిరి. ఈ నేలకు అప్పుడొక రాజుండెను. ఆయన లోజీ జనులకు ప్రభువైన లెవానికా. నదికి రెండువైపులను ఆయన మాట చెల్లుచుండెడిది. 1890 జూన్ 27వ తేదీని, అనగా బెర్లిను ఒడంబడికకు నాలుగు దినములు ముందు, ఆయన సెసిల్ రోడ్సు కంపెనీ తరపున వచ్చిన లాక్నరు అనువానితో పత్రము వ్రాసికొనెను. అది విక్టోరియా రాణితో చేసికొన్న స్నేహమనియే ఆయన నమ్మెను. కంపెనీకి గనులు త్రవ్వుకొను హక్కులు వ్రాసియిచ్చితినని తరువాత తెలిసినది. తన రాజ్యపు దక్షిణభాగము నాలుగు దినములకే జర్మనులపాలైనదని ఆయనకు అప్పుడు చెప్పువారెవరు? పడమటి యెల్ల తగవు పోర్చుగీసువారితో వచ్చినది. దానిని 1905లో ఇటలీ రాజు తీర్చెను. ఇరువదిరెండవ తూర్పు రేఖాంశమువెంట కొంతదూరము, ఇరువదినాల్గవదానివెంట కొంతదూరము తిన్నని గీతలు. స్కేలు పెట్టి గీయవచ్చును గనుక పరీక్షలలో పిల్లలందరికి ఆ పడమటి సరిహద్దనిన మిక్కిలి ప్రీతి యని మావారు చెప్పుదురు.

సెషేకే చేరునప్పటికి మధ్యాహ్నము రెండు గంటలైనది. చితెంగె గుడ్డలు నడుమునకు చుట్టుకొన్న స్త్రీలు ఒడ్డున ఎండుచేపలు, టమాటాలు కుప్పలుగా పోసి కూర్చుండిరి. ఆవలి యొడ్డున నున్నది నమీబియా. ఎగువను కటిమా ములీలో పట్టణము. ఆ పేరునకు లోజీ భాషలో నిప్పు నార్పునది యని యర్థమట. దోనెలలో నిప్పుకణికలు పెట్టుకొని పోవువారికి అచ్చటి నీటి దుముకులలో తుంపురులు పడి నిప్పు ఆరిపోయెడిదట. 2004లో తెరచిన వంతెన ఒకటి యున్నను, చిన్న చిన్న దోనెలు ఇప్పుడును అటునిటు తిరుగుచునే యున్నవి. ఈ యొడ్డున పిలిచినచో ఆ యొడ్డున పలికెదరు. రెండువైపుల నున్నది ఒక్కటే భాష.

మాతో వచ్చినవారిలో పదునైదేండ్ల పిల్ల యొకతె యుండెను. దారిపొడవున నోరు మెదపనిది. అచ్చట నిలిచి నది కావల చెట్లగుంపు నొకదానిని నాకు చూపి, "అదిగో, మా అమ్మమ్మ యిల్లు ఆ వెనుక" అనెను. తల్లి అచ్చటి యాడుపడుచు, ఇచ్చటి కోడలు. 1999 ఆగస్టు 2వ తేదీని, కాప్రివికి వేరు రాజ్యము కావలెనని లేచినవారు కటిమా ములీలో మీద పడిరి. ఆనాటికి ఆ తల్లి ఈ పిల్ల యీడుది. అలజడిలో ఆమె యన్న బోట్స్వానాకు పారిపోయి డుక్వీ శరణార్థుల శిబిరమున చాల యేండ్లు గడపినాడట. ఆమెను మాత్రము దోనెలో ఈ యొడ్డునకు పంపివేసిరి. "ఈ గీత లేకపోయినచో మా యమ్మ ఎచ్చటికి పోయియుండెడిది? గీత యున్నందువలననే గదా మా అమ్మమ్మను సంవత్సరమున కొకమారు గాని చూడలేకున్నాము? పరీక్షలో అడిగిన యెడల, సరిహద్దులు మంచివని వ్రాయవలెనా, చెడ్డవని వ్రాయవలెనా?" అని ఆ పిల్ల మావారి నడిగెను.

ఆయన నావైపు చూచిరి. ఎప్పుడును అట్లు చూడరు. నేను యానాము కథ చెప్పితిని. మావారు ఇంగ్లీషులో చెప్పగా, ఆ ఉపాధ్యాయిని లోజీ మాటలు కలిపి వివరించినది.

మా పుట్టినింటివారిది కోనసీమ. గోదావరిమీద ఎదుర్లంక రేవున పడవ ఎక్కినచో ఆవలి గట్టున యానాము. ఈ గట్టున ఇంగ్లీషువారి రాజ్యము, ఆ గట్టున ఫ్రెంచివారిది. రెండు గట్టుల తెలుగువారే, వియ్యాలవారే. 1929లో శారదా చట్టము వచ్చి, పదునాలుగేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయరాదని శాసించినది. 1930 ఏప్రిలునుండి అది అమలులోనికి వచ్చినది. ఫ్రెంచి నేలమీద ఆ చట్టము చెల్లదు. ఇక చూచుకొనుడు, లగ్నములన్నియు యానాములోనే! ఆ యూరికి కల్యాణపురమని పేరు వచ్చినది. మా అమ్మమ్మగారి తల్లికి తొమ్మిదవ యేట అట్లే పడవమీద తీసికొనిపోయి పెండ్లి చేసిరి. పదునాల్గవ యేట ఆమె మా అమ్మమ్మను కని, పురుడు వెళ్లకమునుపే కన్నుమూసెను. యానాము 1954లో భారతదేశమున చేరినది. 1962లో ఆ చేరిక చట్టప్రకారము స్థిరపడినది. ఇప్పటికిని అది ఆంధ్రదేశము నడుమ పుదుచ్చేరి పాలనలోని తునకగానే యున్నది. వంతెన పడినందున ఆ రేవునకిప్పుడు పనిలేదు.

చెప్పినంతసేపు పిల్లలు చప్పుడు చేయలేదు. ఆ బాలిక, "మరి ఆ గీత మంచిదా, చెడ్డదా?" అని మరల అడిగెను.

"మా అమ్మమ్మకు చెడ్డది. ఆమె తల్లి ముఖము ఎరుగదు" అంటిని. అంతకంటె నాకు తోచలేదు.

అప్పుడు మావారు తమ పని తాము చేసిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతనైన ఈ గీతలను ఏల చెరపలేదని పిల్లలనే యడిగి, 1964 జూలైలో కైరో నగరమున ఆఫ్రికా ఐక్యసంస్థ చేసిన తీర్మానమును చెప్పిరి. స్వాతంత్ర్యదినమున ఎట్లున్నవో ఆ సరిహద్దులనే గౌరవింతుమని ఆ నాయకులు ప్రతిజ్ఞ చేసికొనిరి. గీతలు న్యాయమైనవని కాదు. ఒకటి కదల్చిన పదింటికి తగవు వచ్చి నెత్తురు పారునని భయము. సొమాలియా, మొరాకోలు మాత్రము ఒడంబడలేదు. ఆ మాట చెప్పుచుండగా మొదట ప్రశ్నవేసిన పిల్లవాడు, "మా తాతగారిని అడిగితిరా?" అని గొణిగెను. మావారు విని, "లేదు. నీవడిగి వ్రాసికొని రమ్ము. దానికే మార్కులు" అనిరి. వాడు నిజముగనే తరువాతి సెలవులలో పోయి నాలుగు పుటలు వ్రాసికొని వచ్చెను. అందు సగము ఎద్దులను గూర్చి.

ఇంటికి తిరిగివచ్చిన వారమునకు పిల్లలందరు సెషేకే పటము గీసి తెచ్చిరి. ఆ బాలిక పటము అన్నిటికంటె చక్కగా నున్నది. నది నీలముగా, అమ్మమ్మ యిల్లు గుండ్రముగా, రేవునుండి నడక యెంతసేపో గూడ వ్రాసినది. దేశ సరిహద్దు మాత్రము లేదు. మావారు ఎఱ్ఱసిరా కలము పట్టుకొని చాలసేపు కూర్చుండి, "ఏమి చేయుమందువు?" అని నన్నడిగిరి. "సరిహద్దు పాఠములో సరిహద్దు లేకున్న మార్కు లెట్లు వేయుదురు? తిరిగి యిచ్చి గీయుమనుడు" అంటిని. మరునాడు ఆ పిల్ల గీసినది. గీసి, ఒక ప్రశ్న వేసినది: "నది నడుమ గీత యన్నారు గదా. ఎండలకు నీరు ఒకవైపునకు తగ్గి ఇసుక తేలినచో నడుమ యేది?"

మా కోనసీమవారి కిది క్రొత్త ప్రశ్న కాదు. గోదావరి ఒక వరదకు ఒక గట్టు కోసి మరియొక గట్టున లంక వేయును. ఆ లంక ఎవరిదని రెండు గ్రామములవారు కర్రలు పట్టుకొందురు. మావారు రెండు రాత్రులు చదివి, దీని కొక పెద్ద వ్యాజ్యమే జరిగినదని కనుగొనిరి. కజుంగులకు ఎగువను చోబే నదిలో ఒక లంక యున్నది. బోట్స్వానావారు సెడూడూ అందురు, నమీబియావారు కసికీలి అందురు. సుమారు మూడున్నర చదరపు కిలోమీటర్లు. ఏటేట కొన్ని మాసములు నీట మునిగియుండును. నది దానికి రెండువైపుల పారును. 1890 ఒడంబడిక ఇంగ్లీషు ప్రతిలో సరిహద్దు ప్రధానమైన పాయ నడుమనని యున్నది. జర్మను ప్రతిలో, ఓడలు నడచు లోతైన జాడ యను నర్థమిచ్చు మాట యున్నది. ప్రధానమైన పాయ యేది? సూదిమొన మోపినంత నేలయైన నీయనన్న దుర్యోధనునివలె గాక, ఈ రెండు దేశములును హేగు నగరమునందలి అంతర్జాతీయ న్యాయస్థానమునకు పోయినవి. 1999 డిసెంబరు 13వ తేదీని తీర్పు వచ్చెను. లోతు, వెడల్పు, ప్రవాహము చూచి ఉత్తరపు పాయయే ప్రధానమనిరి. కావున లంక బోట్స్వానాది. పదునొకండుగురు ఔననిరి, నలుగురు కాదనిరి. ఇరుదేశముల పడవలును రెండు పాయలలోను సమానముగా తిరుగవచ్చునని గూడ చెప్పిరి.

కాప్రివివైపు మసుబియా జనులు ఎన్నో యేండ్లుగా నీరు తీసిన వెనుక ఆ లంకమీద పైరు వేసికొనెడివారు. నమీబియా దానినే తన హక్కునకు సాక్ష్యముగా చూపెను. వారు తమకొరకు సేద్యము చేసికొనిరే గాని రాజ్యము తరపున చేయలేదని న్యాయస్థానము దానిని త్రోసివేసెను.

మావారు తీర్పంతయు తరగతిలో వివరించి వచ్చిరి. ఆ బాలిక యేమన్నదని అడిగితిని. పటము తిరిగి తీసికొని, సరిహద్దు గీతను చెరిపి, సిరాతో గాక పెన్సిలుతో మరల గీసి యిచ్చి, పైరు వేసికొన్న వారిలో స్త్రీలెందరో తీర్పులో వ్రాసిరా యని యడిగినదట. ఈ ప్రశ్నకు మావారు ఇంకను జవాబు వెదకుచున్నారు.